కారు ఫ్రిజ్జులో కుళ్ళు వాసన: పోవడానికి నాకు 11 రోజులు పట్టింది

డిక్కీ తెరిచినప్పుడే అనుమానం వచ్చింది, కానీ ఎక్కడో ఎలుక చచ్చి ఉంటుందిలే అనుకున్నాను. ఫ్రిజ్జు మూత ఎత్తాక తెలిసింది అసలు సంగతి. ఏప్రిల్ ఆఖరు, కడప ఎండ, ఆరు రోజులుగా మూసి ఉన్న కారు, అందులో మూసి ఉన్న ఫ్రిజ్జు, దాని అడుగున అరకిలో చేప ముక్కలు, పక్కనే చిరిగిపోయిన పాల ప్యాకెట్. ఆ వాసన ఎలా ఉందో రాయను, చదివేవాళ్లు అన్నం ముందు కూర్చుని ఉండొచ్చు. కడుపులో తిప్పుతుంటే గేటు బయటికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చానని మాత్రం చెప్తాను.

ఆ రోజు నుంచి ఎవరిని అడిగినా ఒకటే మాట, వంట సోడా వేసి తుడిచెయ్, పోతుంది. పోలేదు. వెనిగర్ వెయ్ అన్నారు, దానికీ పోలేదు. రెండూ ఎందుకు పని చేయలేదో, తర్వాత అవే రెండూ ఎలా పని చేశాయో నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇలాంటి పెట్టె పారేయాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఇంకో పది రోజులు ఆగండి. మాది పూర్తిగా బాగయింది.

మా ఫ్రిజ్జు 35 లీటర్లది, కంప్రెసర్ ఉన్న రకం. కారు సాకెట్ నుంచి 12 వోల్టుల కరెంటుతో నడుస్తుంది, ఇంట్లో అడాప్టర్ పెడితే మామూలు ప్లగ్గులోనూ నడుస్తుంది. టెంట్లు వేసుకుని తిరగడానికి కొన్నామని అందరూ అనుకుంటారు గానీ, కొన్నది మా నాయన ఇన్సులిన్ కోసం. విప్పని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే ఇక అది పనికిరాదు. మునుపు ఊర్లకు పోయేటప్పుడు ఐసు ముక్కల మధ్య పెట్టుకుని పోయేవాళ్లం, ఐసు తగిలి మందు గడ్డకట్టిందేమోనని దారంతా టెన్షన్. ఈ పెట్టె వచ్చాక నాయన మాతో ఎక్కడికైనా వస్తున్నాడు. అందుకే దీన్ని వదులుకోవడానికి మనసు ఒప్పలేదు, అలాగని కుళ్ళిన వాసన పట్టిన పెట్టెలో ఆయన మందు పెట్టడానికీ మనసు ఒప్పలేదు. గట్టి మందులు పోసి కడగడానికి వెనకాడింది కూడా అందుకే.

జరిగింది ఇది. పిల్లలకు సెలవులు ఇచ్చిన మర్నాడు గండికోటకు పోయినాం. కమలాపురం, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు మీదుగా సాయంత్రానికి చేరుకున్నాం. దారిలో చేపలు కొన్నాను, రాత్రి కొన్ని ముక్కలు కాల్చుకున్నాం, మిగిలినవి ఉప్పూ కారం పట్టించి పాలిథిన్ కవర్లోనే ముడి వేసి ఫ్రిజ్జు అడుగున, తీగ బుట్ట కింద పెట్టాను. పొద్దున పెన్నా లోయ మీద ఎండ ఎక్కకముందే టెంటు పీకేసి బయల్దేరాం. ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం, ఆ రాత్రికే తిరుపతి రైలు, మా చిన్నాయన కూతురి పెళ్లి. నాయన మందు తీసి ఇంటి ఫ్రిజ్జులో పెట్టాం, బుట్టలో పైకి కనిపించేవన్నీ తీశాం. బుట్ట కింద ఏముందో ఎవరూ చూడలేదు. పాల ప్యాకెట్ కూడా అక్కడే జారి పడి ఉంది.

ప్లగ్గు సాకెట్‌లోనే ఉంది కదా, ఫ్రిజ్జు నడుస్తూనే ఉంటుంది అనుకున్నాను. అది తప్పు. చాలా కార్లలో ఆ సాకెట్‌కు తాళంచెవి తిప్పి ఉన్నప్పుడే కరెంటు వస్తుంది. కొన్ని కార్లలో బండి ఆపినా వస్తుంది, కానీ అప్పుడు కూడా బ్యాటరీ ఒక స్థాయి కంటే పడిపోగానే ఈ ఫ్రిజ్జులు తమంతట తామే ఆగిపోతాయి, లేకపోతే మళ్లీ బండి స్టార్ట్ అవ్వదు. ఎటు చూసినా బండి ఆపి ఇంట్లోకి పోయాక ఈ పెట్టెను నమ్మడానికి లేదు. నీడ లేని చోట నిలిపిన కారు లోపల మన ఎండల్లో 50 డిగ్రీలు సులువుగా దాటుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా పెరుగుతాయి, వాటికి అనుకూలమైన వేడి దొరికితే కొన్ని రకాలు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. పైగా చలి బయటికి పోకుండా కాపాడే ఆ మందపాటి గోడలే పగటి వేడిని రాత్రంతా లోపల పట్టి ఉంచుతాయి. ఆరు రోజులు.

మొదటి సాయంత్రం ఇల్లంతా తలా ఒక మాట. మా అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఒరే, ఆ డబ్బాను పారెయ్‌రా నాయనా, ఇంగ అది బాగుపడేది కాదు" అంది. నాయన మాత్రం "అంత డబ్బు పోసి కొనింది యాడ పారేస్తావు, కడుగు ముందు" అన్నాడు. మా బావమరిది కారులో కొట్టే సెంటు తెచ్చి లోపలికి రెండుసార్లు కొట్టాడు, సాయం చేద్దామనే పాపం. దాంతో మల్లెపూల వాసన, కుళ్ళు వాసన కలిసి మరీ భరించలేనట్టు తయారైంది. పని చేసే ఆమె ఫినాయిల్ సీసా తెస్తుంటే నేను ఆపాను. ఇది మాత్రం గట్టిగా చెప్తాను: తిండి పెట్టే ప్లాస్టిక్ పెట్టెలో ఫినాయిల్ వద్దు, నాఫ్తలీన్ ఉండలు అసలే వద్దు, అగరుబత్తి కూడా వద్దు. ప్లాస్టిక్ వాసనలను పీల్చుకుంటుంది. కుళ్ళు వాసనైనా కొన్నాళ్లకు వదులుతుందేమో గానీ, ఫినాయిల్ పట్టుకుంటే ఆ తర్వాత అందులో పెట్టిన పెరుగు కూడా ఫినాయిల్ వాసనే వేస్తుంది.

చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని ముందు ఉన్నదంతా తీసి రెండు కవర్లలో మూట కట్టి పారేశాను. పెట్టెను పెరట్లో కడప బండల మీద పెట్టి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే ద్రవం కలిపి, మెత్తటి స్పాంజితో మూడుసార్లు కడిగాను. గరుకు పీచు వాడకూడదు, గీతలు పడితే ఆ గీతల్లోనే జిడ్డు కూర్చుంటుంది. మరిగే నీళ్లు పోయకూడదు. పైపు పెట్టి అసలే కొట్టకూడదు, ఒక పక్క కంప్రెసర్, ఫ్యాను, వైర్లు ఉంటాయి, ఆ పక్క గాలి పోయే సందుల్లోకి నీళ్లు పోతే వాసన సంగతి అటుంచి పెట్టే పోతుంది. తీగ బుట్టను విడిగా నానబెట్టాను. ఈ సబ్బు పని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నేను కూడా మొదట తొందరపడ్డాను. కానీ చేప నూనె, పాల వెన్న సన్నటి పొరలా గోడలకు అంటుకుని ఉంటాయి, ఆ పొర ఉన్నంతసేపు పైన ఏం రాసినా లోపలికి దిగదు. వేలితో రాస్తే ప్లాస్టిక్ కిర్రుమనాలి, అప్పుడు జిడ్డు పోయినట్టు.

రెండో రోజు ఫోన్లో చూసిన వీడియోలో చేసినట్టు వంట సోడా చల్లి దాని మీద వెనిగర్ పోశాను. బుసబుసా నురగ వచ్చింది, చూడటానికి ఏదో గట్టిగా కడిగేస్తున్నట్టే ఉంది. ఆరాక వాసన చూస్తే ఏ తేడా లేదు. ఎందుకు లేదో ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఇంటర్లో చదువుకున్న కెమిస్ట్రీ గుర్తుకొచ్చింది. వెనిగర్ ఆమ్లం, సోడా క్షారం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, నురగలో పోయేది కార్బన్ డై ఆక్సైడ్, మిగిలేది నీళ్లు, సోడియం ఎసిటేట్ అనే ఉప్పు. అంటే నేను పెట్టెకు రాసింది ఉప్పు నీళ్లు.

మా పెట్టెలో ఉన్నది ఒక వాసన కాదు, రెండు. ఈ ముక్క అర్థమయ్యాకే పని సాగింది. చేప, మాంసం, గుడ్డు లాంటివి కుళ్ళితే వాటిలోని ప్రొటీన్లు విరిగి అమ్మోనియా, అమైన్లు పుడతాయి. ప్యూట్రెసిన్, కడావరిన్ అని పేర్లే ఉన్నాయి వాటిలో కొన్నింటికి. సముద్రపు చేపలో వచ్చే నీచు వాసనకు ట్రైమిథైల్ అమైన్ ముఖ్య కారణం. ఇవన్నీ క్షార గుణం ఉన్నవి, కాబట్టి వీటికి విరుగుడు పులుపు. ఆమ్లం తగలగానే ఇవి ఉప్పుగా మారిపోతాయి, ఉప్పు గాల్లోకి లేవదు, గాల్లోకి లేవకపోతే ముక్కుకు తగలదు, నీళ్లతో కడిగితే పోతుంది. మన ఇళ్లలో చేపను నిమ్మరసంతోనో మజ్జిగతోనో కడగడం, చింతపండు పులుసులో వండటం వెనక ఉన్న సంగతి కూడా ఇదే. మా జేజి చేప కడిగిన చేతులకు చింతపండు పిప్పి రుద్దుకునేది. పాల సంగతి దీనికి తలకిందులు. పాలు పులిసి చెడిపోతే వచ్చేవి ఆమ్లాలు, వెన్న చెడిన ముక్క వాసన బ్యూటిరిక్ ఆమ్లానిది. దానికి విరుగుడు సోడా. పెరుగు, మజ్జిగ, పాలు ఒలికిన పెట్టెకు ఎంత వెనిగర్ రాసినా పుల్లటి వాసన మీద ఇంకో పుల్లటి వాసన చేరినట్టే.

ఇక మూడో రోజు పులుపు ఒక్కటే. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి, పాత నూలు గుడ్డలు అందులో ముంచి లోపలి గోడలకు అంటించి అరగంట వదిలేశాను. ఇలా గుడ్డలు అంటించడం మా ఇంటామె ఆలోచన. తుడిచేస్తే నిమిషంలో ఆరిపోతుంది, గుడ్డ ఉంటే తడి అక్కడే నిలిచి పని చేస్తుంది, పైగా నిలువు గోడలు కదా, పోసింది పోసినట్టు అడుక్కి జారిపోతుంది. వెనిగర్ లేకపోతే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాలు కలిపినా సరిపోతుంది. చింతపండు మాత్రం వద్దు, తెల్ల ప్లాస్టిక్‌కు మరక పడుతుంది. మీ పెట్టె లోపల అల్యూమినియం రేకు ఉంటే పులుపునైనా సోడానైనా ఎక్కువసేపు ఉంచకండి, రేకు మచ్చలు పడుతుంది, ఐదు పది నిమిషాల్లో కడిగేయండి. తర్వాత రెండుసార్లు మంచి నీళ్లతో తుడిచాను. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి మరకలు వస్తాయి, అందుకని చివరిసారి క్యాన్ నీళ్లు వాడాను.

నాలుగో రోజు సోడా. లీటరు గోరువెచ్చని నీళ్లకు నాలుగు పెద్ద చెంచాలు, మళ్లీ అవే గుడ్డలు, ఈసారి గంటసేపు. మళ్లీ కడగడం, మళ్లీ తుడవడం. ఆ సాయంత్రానికి వాసన సగానికి పైగా తగ్గింది, అమ్మ కూడా దగ్గరికి వచ్చి చూసింది.

తర్వాత రెండు రోజులు ఆరబెట్టడమే. తడి ఉన్నంతసేపు వాసన పుడుతూనే ఉంటుంది. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా మూత తెరిచి లోపలి వైపు సూర్యుడికి చూపించాను, ఆ తర్వాత నీడలోకి తెచ్చి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. రోజంతా ఎండలో ఉంచకండి, ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, రబ్బరు బిరుసెక్కుతుంది. రాత్రిళ్లు పాత పేపర్లు ఉండలు చుట్టి నిండా కుక్కి మూత వేశాను. పేపరు తడినీ వాసననూ పీలుస్తుంది, పొద్దున తీసి చూస్తే ఆ ఉండల వాసన చూడబుద్ధి కాదు, రోజూ మార్చాలి.

ఆరో రోజు రాత్రి పరీక్ష పెట్టాను. ఈ పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. కడిగాక ఫ్రిజ్జు ఆన్ చేసి, చల్లబడ్డాక మూత తీసి వాసన చూస్తారు, ఏమీ రాదు, పోయింది అనుకుంటారు. చలిలో వాసన అణువులు గాల్లోకి లేవడం బాగా తగ్గుతుంది, అంతే. అది దాక్కుంది గానీ పోలేదు. సరైన పరీక్ష ఏమిటంటే ప్లగ్గు తీసేసి, లోపల ఏమీ పెట్టకుండా, మూత గట్టిగా వేసి, వెచ్చటి గదిలో ఒక రాత్రి ఉంచాలి. పొద్దున మూత ఎత్తిన ఆ మొదటి క్షణంలో ముక్కు పెట్టాలి. అది కూడా కడిగినవాళ్ల ముక్కు కాదు. నాలుగు రోజులు దాంట్లోనే తల పెట్టి ఉన్న నా ముక్కు అలవాటు పడిపోయింది, నాకు అంతా బాగానే అనిపించింది. మా ఎనిమిదేళ్ల పాపను పిలిచి చూడమంటే, "నాన్నా, చేప ఇంకా ఉంది" అంది.

ఆ మాటకు నిజంగా నీరసం వచ్చేసింది. గోడలు కిర్రుమంటున్నాయి, ఎక్కడా మరక లేదు, ఇంకెక్కడ ఉంది? ఆ పొద్దునే మేము ఎప్పుడూ చేపలు కొనే అన్న దగ్గరికి పోయాను. చేపలు కొనడానికి కాదు, ఆయన దగ్గర పెద్ద ఐసు పెట్టె ఉంది, ఏళ్ల తరబడి వాడుతున్నాడు, ఖాళీగా ఉన్నప్పుడు అంత వాసన రాదు. ఎలా కడుగుతావన్నా అని అడిగితే, నేను చేసినదంతా విని, "పెట్టెకేం కాదు సార్, మూత రబ్బరు పీకినారా?" అన్నాడు. పీకలేదు. "నీళ్లు పోయే బొక్క?" అన్నాడు. అదీ చూడలేదు.

ఇంటికి వచ్చి మూత చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని ఒక మూల నుంచి మెల్లగా లాగాను. మాది గాడిలో నొక్కి బిగించిన రకం, చేత్తో లాగితే వచ్చేసింది. కొన్నింటికి అంటించి ఉంటుంది, వాటిని పీకొద్దు, మడతలు విప్పి మాత్రం కడగండి. రబ్బరు మడతల్లో, దాని వెనక గాడిలో, నల్లటి జిగురు. పెట్టె ఊగినప్పుడల్లా లోపలి రసం మూత అంచుదాకా ఎగిరి ఆ మడతల్లో చేరినట్టుంది. పెట్టె అడుగున మూలకు ఉన్న నీళ్లు పోయే రంధ్రం బిరడా తిప్పి తీస్తే అక్కడా అదే. బిరడాకు ఉన్న చిన్న రబ్బరు వాషర్ కింద కుళ్ళిన పాల పొర గట్టిగా పట్టుకుని ఉంది. వారం రోజులు నేను గోడలు కడుగుతూనే ఉన్నాను, అది ఈ రెండు చోట్ల కూర్చుని రోజూ రాత్రి మూత వేయగానే పెట్టెనంతా నింపుతోంది.

రబ్బరును సబ్బు నీళ్లలో గంట నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో ప్రతి మడతా తోమాను, తర్వాత పలచటి వెనిగర్ నీళ్లలో పది నిమిషాలు ముంచి వెంటనే కడిగేశాను, పులుపులో ఎక్కువసేపు ఉంటే రబ్బరుకు మంచిది కాదు. గాడిని చెవిలో పెట్టుకునే దూది పుల్లలతో గీకాను, ఒక డబ్బా అయిపోయింది. రంధ్రంలోకి సీసాలు కడిగే సన్న బ్రష్ దూర్చి తోమాను. బ్రష్‌కు వచ్చిన మురికి చూశాక మా అమ్మ ఇక పారెయ్యమని అనలేదు.

ఎనిమిదో రోజు హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాను. కుళ్ళు వాసనలో గంధకం ఉన్న పదార్థాలు కూడా ఉంటాయి, కుళ్ళిన గుడ్డు కంపు లాంటిది, అవి వెనిగర్‌కు లొంగవు. పెరాక్సైడ్ వాటిని ఆక్సీకరణ చేసి వాసన లేనివిగా మారుస్తుంది, తర్వాత అది నీళ్లు, ఆక్సిజన్‌గా విడిపోతుంది, తనకంటూ వాసన మిగల్చదు. ఇన్సులిన్ పెట్టే పెట్టెకు నాకు ఇదే నచ్చింది. మందుల షాపులో నాకు దొరికిన సీసా 6 శాతానిది, సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. తొడుగులు వేసుకుని, గుడ్డతో లోపలంతా రాసి అరగంట తర్వాత కడిగేశాను. రంగు గుడ్డలు వాడితే వెలిసిపోతాయి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. వెనిగర్, పెరాక్సైడ్ కలపకూడదు, కలిస్తే పెరాసిటిక్ ఆమ్లం అనే ఘాటైనది తయారవుతుంది, కళ్లకూ ఊపిరితిత్తులకూ చెడ్డది. ఒకటి వాడిన రోజు ఇంకోటి ముట్టుకోకండి, మధ్యలో బాగా కడగండి. బ్లీచింగ్ ద్రవం వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, దానికి వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా తగిలినా విషవాయువే. మూసి ఉన్న కారులో కూర్చుని ఇవేవీ చేయకండి.

ఆ తర్వాత మిగిలింది ప్లాస్టిక్ తనలోకి పీల్చుకున్న కొంచెం వాసన. దాన్ని కడిగి తీయలేం, అది మెల్లగా బయటికి వస్తుంటే పట్టుకోవాలి, అంతే. దానికి బొగ్గు. అక్వేరియం షాపుల్లో చేపల తొట్టి ఫిల్టర్లకు వాడే యాక్టివేటెడ్ కార్బన్ దొరుకుతుంది, నల్లటి గింజల్లా ఉంటుంది. దాని లోపల కంటికి కనిపించని రంధ్రాలు లెక్కలేనన్ని, వాసన అణువులు వచ్చి వాటిలో అతుక్కుంటాయి. పావుకిలో తెచ్చి రెండు పాత సాక్సుల్లో పోసి లోపల పెట్టి మూత వేశాను. మా వీధి చివర ఇస్త్రీ అన్న అడగకుండానే గుప్పెడు బొగ్గులు ఇచ్చాడు, అవి కూడా కొంత పీలుస్తాయి గానీ ఆ పాటి శక్తి ఉండదు. కాఫీ పొడి పెట్టమని కూడా ఒకరు చెప్పారు. పెట్టలేదు, కుళ్ళు వాసన పోయి కాఫీ వాసన ఎక్కితే అది వదిలించడానికి ఇంకో వారం. బొగ్గు పెట్టినప్పుడు పెట్టెను చల్లగా కాక వెచ్చగా ఉంచండి, ప్లాస్టిక్ వాసనను త్వరగా వదులుతుంది.

బొగ్గు పెట్టి ఉంచిన ఈ మూడు రోజుల్లోనే ఇంకో సంగతి బయటపడింది. ఫ్రిజ్జు హాల్లో ఉంది, అయినా కారులో వాసన వస్తూనే ఉంది. ఆ బిరడా దగ్గర నుంచి రసం చుక్కలు చుక్కలుగా కారి డిక్కీలో పరిచిన చాపలోకి ఇంకింది. దానికంటే ముఖ్యంగా, పెట్టెకు తొడిగే ఆ దళసరి గుడ్డ కవర్, లోపల స్పాంజి ఉంటుంది కదా, అది అడుగుభాగంలో తడిసి ఆరిపోయి ఉంది. కడిగిన పెట్టెకు రోజూ రాత్రి దుమ్ము పడకుండా ఆ కవరే తొడుగుతున్నాను నేను. చాపను సోడా చల్లి దులిపి, పెరాక్సైడ్ రాసి, మిద్దె మీద ఎండేశాను, బాగయింది. కవర్‌ను మూడుసార్లు నానబెట్టినా స్పాంజి లోపలిది వదల్లేదు, పారేశాను. మీ పెట్టె గోడకు పగులు ఉండి లోపలి ఫోమ్‌లోకి రసం దిగిపోయి ఉంటే మాత్రం, ఆ ఫోమ్‌ను కడిగే దారి లేదు. అప్పుడు మార్చుకోవడమే.

పదకొండో రోజు పొద్దున మూత ఎత్తి మళ్లీ పాపను పిలిచాను. లోపల తల పెట్టి, మళ్లీ ఒకసారి పెట్టి, "ఏం లేదు నాన్నా, కొత్త బకెట్ వాసన వస్తుంది" అంది. నాయన కూడా వచ్చి చూశాడు, ఏమీ అనలేదు, ఇన్సులిన్ డబ్బా ఎప్పుడు పెడతావు అని మాత్రం అడిగాడు.

ఇప్పుడు మేము కొన్ని మార్చుకున్నాం. పచ్చి చేప, మాంసం పాలిథిన్ కవర్లో పెట్టం, రబ్బరు మూత, నాలుగు వైపులా క్లిప్పులు ఉన్న డబ్బాలోనే, ఆ డబ్బా కూడా ఒక స్టీలు గిన్నెలో. పాలు సీసాలో. ఇన్సులిన్ విడిగా గాలి చొరబడని చిన్న డబ్బాలో, గుడ్డ చుట్టి, గోడకు తగలకుండా మధ్యలో, ఎందుకంటే గోడ దగ్గర చలి ఎక్కువ, గడ్డకట్టే ప్రమాదం ఉంది. అంకెను 4 డిగ్రీల మీద ఉంచుతాను, అయినా లోపల ఒక చిన్న థర్మామీటర్ పెట్టాను, పెట్టె చూపించే అంకెకూ బుట్టలో ఉన్న చలికీ కొంచెం తేడా ఉంటోంది. ఇంటికి రాగానే, ఎంత అలసిపోయినా, సామాను లోపలికి పోకముందే బుట్ట ఎత్తి అడుగు చూసి, సబ్బు గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడిచేస్తున్నాం. పది నిమిషాలు కూడా పట్టదు. వాడనప్పుడు మూత పూర్తిగా మూయం, మధ్యలో ఒక చెక్క గరిటె అడ్డం పెట్టి సందు ఉంచుతాం, లోపల బొగ్గు సాక్సు ఒకటి. నెలకోసారి ఆ రబ్బరు పట్టీ పీకి చూస్తాను.

కవర్ కొత్తది కుట్టించాం. దళసరి కాటన్ గుడ్డ, లోపల స్పాంజికి బదులు పాత దుప్పటి రెండు మడతలు. మా వీధి టైలర్ అన్న మూడు వైపులా జిప్పు పెట్టాడు, దుప్పటి విడిగా, పై గుడ్డ విడిగా తీసి ఉతుక్కోవడానికి. వచ్చే ఆదివారం అహోబిలం పోతున్నాం, నాయన కూడా వస్తున్నాడు.